మూకీ బొమ్మ, పక్కనే లైవ్ ఆర్గాన్: ఒక చిన్న పాత థియేటర్ రివ్యూ

ఈ థియేటర్‌లో ఏ షోకి వెళ్లాలని అడిగితే నేను చెప్పేది ఒకటే. మూకీ సినిమా వేసి, దానికి అక్కడే కూర్చుని ఆర్గాన్ (గొట్టాల్లోకి గాలి పంపి పలికించే పెద్ద వాయిద్యం) వాయించే రోజు చూసుకుని వెళ్లండి. పాత టాకీలు కూడా వేస్తారు, గ్రామఫోన్ రికార్డుల కార్యక్రమాలూ పెడతారు, వాటి గురించి కింద రాస్తాను. కానీ ఈ హాలు కట్టింది మూకీల కాలంలో. సంగీతం అక్కడికక్కడ మనిషి చేతుల్లోంచి రావాలన్న లెక్కతో కట్టారు. ఆ పనికి వాడినప్పుడే దీని అసలు గొప్పతనం బయటపడుతుంది. మిగతా రోజుల్లో ఇది ఒక ముచ్చటైన పాత సినిమా హాలు, అంతే.

లోపల చాలా చిన్నది. రెండు వందల మంది పట్టడం కష్టం. బాల్కనీ లేదు, మధ్యలో ఒకటే దారి, అటూ ఇటూ సీట్లు, ముందు కొంచెం ఎత్తుగా స్టేజీ, తెర ముందు నిజంగా లాగే వెల్వెట్ కర్టెన్. బొమ్మ మొదలయ్యేటప్పుడు కర్టెన్ ఇంకా పూర్తిగా తెరుచుకోదు, టైటిల్స్ ముందు దాని మడతల మీద పడి, అది రెండు పక్కలకీ జరిగాక తెర మీద సర్దుకుంటాయి. ఇలా చేయడం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఇంకో మంచి పని, కర్టెన్‌ని సరిగ్గా ఫ్రేము అంచు దాకా తెచ్చి ఆపుతారు. మూకీ ఫ్రేము వెడల్పు దాని ఎత్తు కన్నా మూడో వంతే ఎక్కువ, అంటే దాదాపు చదరంగా ఉంటుంది. కొత్త హాళ్లలో ఇలాంటి బొమ్మ వేస్తే పక్కన బోలెడు నల్లటి ఖాళీ మిగులుతుంది, లేదా తెర నింపాలని పైనా కిందా కత్తిరించేసి నటుల తలలు ఎగరగొడతారు. ఇక్కడ ఫ్రేము మొత్తం ఉంటుంది, తెరంతా బొమ్మే కనిపిస్తుంది.

సీట్లో కూర్చునే ముందు ఒకసారి వెనక్కి తిరిగి ఆపరేటర్ క్యాబిన్ చూడండి. గోడ మందం, అందులో అరచెయ్యంత కంతలు, ఒక్కో కంత మీద జారే ఇనప రేకు. అలా ఎందుకు కట్టారంటే అప్పటి ఫిల్ము నైట్రేటుది. అది ఒకసారి అంటుకుంటే ఆపడం ఎవరి వల్లా కాదు, మండడానికి కావలసిన ఆక్సిజన్ దాంట్లోనే ఉంటుంది కాబట్టి నీళ్లలో ముంచినా మండుతూనే ఉంటుంది. క్యాబిన్‌లో మంట లేస్తే ఆ రేకులు పడిపోయి హాల్లోకి నిప్పు రాకుండా ఆపాలి. కొడాక్ 1950ల మొదట్లో నైట్రేటు ఫిల్ము తయారీ మానేసింది. ఇప్పుడు నైట్రేటు ప్రింటు వేయగలిగే హాళ్లు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి, ఇది వాటిలో ఒకటి కాదు. అయినా ఆ రేకులు తీసేయకుండా ఉంచినందుకు నాకు సంతోషం.

మంట ఒక్కటే కాదు, నైట్రేటు ఊరికే పెట్టెలో ఉన్నా కుళ్లి పొడి అయిపోతుంది. టాకీలు వచ్చాక మూకీలు ఇక ఎవరికీ అక్కర్లేదని స్టూడియోలే చాలా ప్రింట్లు పారేశాయి. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ఒక రిపోర్టు వేసింది. 1912 నుంచి 1929 దాకా అక్కడ విడుదలైన దాదాపు 11,000 మూకీ ఫీచర్ సినిమాల్లో, అప్పుడు విడుదలైన 35 ఎంఎం రూపంలోనే పూర్తిగా మిగిలినవి 14 శాతం అట. ఇది చదివాక ఏ మూకీ షో బోర్డు చూసినా నాకు వెళ్లకుండా ఉండబుద్ధి కావడం లేదు.

అసలు విషయానికి వస్తాను. మూకీ అనగానే చాలామందికి గబగబా గెంతుతూ నడిచే మనుషులు గుర్తొస్తారు. అది వాళ్ల తప్పు కాదు, టీవీలో అలాగే చూపించారు. అప్పట్లో కెమెరాని చేత్తో తిప్పేవాళ్లు, సెకనుకి 16 ఫ్రేములు, 18, 20, 22, సినిమాని బట్టి, తిప్పే మనిషిని బట్టి మారేది. సౌండ్ వచ్చాక వేగం మారితే గొంతు మారిపోతుంది కాబట్టి 24 దగ్గర గట్టిగా కట్టేశారు. 18తో తీసినదాన్ని 24తో తిప్పితే అంతా మూడో వంతు వేగం పెరిగి, ఏడ్చే సీనులో కూడా నవ్వొస్తుంది. ఈ థియేటర్ వాళ్లు ఏ సినిమాకి ఏ వేగమో చూసుకుని వేస్తారు. మనుషులు మనుషుల్లాగే నడుస్తారు. ఇంట్లో ఫోన్‌లో మూకీ చూసి ‘నాకు ఎక్కలేదు’ అనుకున్నవాళ్లు దయచేసి ఒక్కసారి ఇలా చూసి అప్పుడు చెప్పండి.

రంగు కూడా అంతే. నలుపు తెలుపు అని మనం అనుకునే ఈ సినిమాల్లో చాలా వాటికి ప్రింటుకే రంగు పట్టించేవాళ్లు, రాత్రికి నీలం, దీపం వెలుగుకి పసుపు, మంటలకి ఎరుపు. ఆ రంగులతో ఉన్న ప్రింటు దొరికితే ఇక్కడ అదే తెప్పిస్తారు.

ఇప్పుడు ఆర్గాన్. స్టేజీకి ఎడమ పక్క గుర్రపు నాడా ఆకారంలో, రంగురంగుల మీటలతో కనిపించేది దాని కన్సోల్, అంటే వాయించేవాళ్లు కూర్చునే మీటల బల్ల మాత్రమే. గొట్టాలన్నీ తెరకి రెండు వైపులా గోడల వెనక గదుల్లో ఉంటాయి, మనకి కనిపించేది ముందున్న జాలీ. ఆ గదులకి అడ్డంగా చెక్క రెక్కలుంటాయి, కాలితో తొక్కితే అవి తెరుచుకుని శబ్దం పెరుగుతుంది, మూసుకుంటే తగ్గుతుంది. హార్మోనియంలో తిత్తి చేసే పనిని ఇక్కడ కింద గదిలో ఒక పెద్ద మోటారు చేస్తుంది. కన్సోల్ ఒక చోట, గొట్టాలు ఇంకో చోట పెట్టే ఈ పద్ధతిని థియేటర్ ఆర్గాన్‌లకి తెచ్చినవాడు రాబర్ట్ హోప్-జోన్స్ అనే ఇంగ్లీషాయన. ఆయన ముందు టెలిఫోన్ కంపెనీలో ఇంజినీరు. మీటకీ గొట్టానికీ మధ్య తీగలు లాగి కరెంటుతో కలపాలని టెలిఫోన్ పని తెలిసినవాడికి తట్టడంలో ఆశ్చర్యం లేదు. 1910లో ఆయన వుర్లిట్జర్ కంపెనీలో చేరాడు, ఆ కంపెనీ 1940ల మొదటి దాకా రెండు వేలకి పైగా థియేటర్ ఆర్గాన్‌లు చేసింది.

అయితే ఇంత చిన్న హాళ్లలో అప్పట్లో ఎక్కువగా ఒక పియానో, మహా అయితే దానికి తోడు ఒక వయొలిన్ ఉండేవి. ఇక్కడున్న ఆర్గాన్ కూడా మొదటి నుంచీ ఉన్నది కాదు, ఎక్కడో మూతపడిన పెద్ద థియేటర్ నుంచి విప్పి తెచ్చి బిగించారని లోపల బోర్డు మీద రాశారు. దీనివల్ల ఒక విచిత్రమైన లాభం వచ్చింది. రెండు వేల మందికి వినిపించాల్సిన వాయిద్యం రెండు వందల మంది ఉన్న గదిలో మోగుతుంది. పెద్ద గొట్టాలు పలికినప్పుడు ఆ శబ్దం చెవికంటే ముందు సీటుకి తెలుస్తుంది, నేల ద్వారా కాళ్లకి తెలుస్తుంది. ఇది ఏ స్పీకర్‌తోనూ రాదు. నష్టం కూడా ఉంది, వాయించేవాళ్లకి అదుపు లేకపోతే తలనొప్పి ఖాయం.

నేను ఈ రివ్యూ రాయడానికి కారణమైన షో మూకీల నాటి కామెడీ హీరో బస్టర్ కీటన్ 1926లో తీసిన ‘ది జనరల్’. రైలింజన్ నడిపే ఒకతని ఇంజన్‌ని శత్రువులు ఎత్తుకుపోతే వాళ్ల వెంటపడి తెచ్చుకునే కథ. వచ్చినప్పుడు పెద్దగా ఆడలేదు, తర్వాత తరాలు నెత్తిన పెట్టుకున్నాయి. ఇందులో కాలిపోతున్న వంతెన మీదికి నిజం రైలింజన్‌ని నడిపించి నదిలో పడేశారు. ఒరెగాన్‌లో కాటేజ్ గ్రోవ్ దగ్గర తీసిన ఆ షాట్ మళ్లీ తీసే అవకాశమే లేదు, ఆ ఇంజన్ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తుక్కు కోసం తీసేదాకా నదిలోనే ఉండిపోయింది. ఈ వివరాలు నాకు ముందే తెలుసు, సినిమా కూడా ఇంట్లో చూశాను. అయినా హాల్లో చూసింది వేరే సినిమా.

ఎందుకు వేరే సినిమా అయిందంటే వాయించినావిడ వల్ల. ఇంజన్‌కి ఒక చిన్న బాణీ పెట్టుకుంది, అమ్మాయికి ఒకటి, సైన్యానికి ఒకటి. కీటన్ ఇంజన్ చక్రాలని కలిపే కడ్డీ మీద దిగులుగా కూర్చుని ఉంటాడు, ఇంజన్ కదులుతుంది, కడ్డీతో పాటు అతను పైకీ కిందకీ వెళ్తుంటాడు, అతనికి తెలియదు. ఆ సీనుకి నేను ఇంట్లో విన్న రికార్డింగ్‌లో చలాకీ సంగీతం ఉంది, నవ్వండి నవ్వండి అన్నట్టు. ఈవిడ మాత్రం దిగులునే వాయించింది. అమ్మాయి బాణీనే మెల్లగా, కింది స్వరాల్లో. దాంతో నవ్వూ జాలీ రెండూ ఒకేసారి వచ్చాయి. అప్పుడు హాలంతా నవ్వితే, ఆ నవ్వు తగ్గేదాకా అదే స్వరం పట్టుకుని ఆగింది, తర్వాత ముందుకెళ్లింది. వెనక వరసలో ఒక పిల్లాడు అందరికంటే ఆలస్యంగా నవ్వాడు, వాడి కోసం కూడా ఒక క్షణం ఆగిందని నాకు గట్టి నమ్మకం. రికార్డు చేసిన సంగీతం ఎంత గొప్పదైనా ఇలా ఆగదు, దానికి హాల్లో ఎవరున్నారో తెలియదు. మనిషి వాయిస్తే తెర ఒక పక్క, ప్రేక్షకులు ఒక పక్క, రెండింటినీ వింటూ నడుపుతుంది. హాలు ఇంత చిన్నది కాబట్టే అది సాధ్యం కూడా.

ఇంకో సంగతి. ఈ ఆర్గాన్‌లకి గొట్టాలతో పాటు నిజమైన డ్రమ్ములు, గంటలు, పక్షి కూతలు, గుర్రపు డెక్కల చప్పుడు, రైలు కూత, ఇలాంటివన్నీ మీట నొక్కితే పలికేలా బిగించి ఉంటాయి. రైలు సినిమా, చేతికింద రైలు కూత, ఎవరైనా నిమిషానికోసారి నొక్కేస్తారు. ఆవిడ దాదాపు ముట్టుకోలేదు. వంతెన కూలే చోట అయితే పూర్తిగా చేతులు ఎత్తేసింది. అంత శబ్దం చేయగల వాయిద్యం ముందు కూర్చుని, ఇంజన్ పడిపోతున్నప్పుడు నిశ్శబ్దంగా ఉండగలగడం, అదీ విద్య అంటే.

ఇదే సినిమా ఇదే హాల్లో ఇంకొకాయన వాయించగా కూడా చూశాను. వేళ్లు చాలా వేగం, పనితనం ఉంది, కానీ ప్రతి దెబ్బకీ డ్రమ్ము, ప్రతి పరుగుకీ హడావిడి, సగం అయ్యేసరికి అలిసిపోయాను. అందుకే ఏ సినిమా అన్నది ఎంత ముఖ్యమో ఎవరు వాయిస్తున్నారన్నదీ అంతే ముఖ్యం. బోర్డు మీద సినిమా పేరు పెద్దగా, వాయించేవాళ్ల పేరు అడుగున చిన్న అక్షరాల్లో వేస్తున్నారు, ఇది మార్చాలి. అప్పట్లో సినిమాతో పాటు కంపెనీలు ఏ సీనుకి ఎలాంటి సంగీతమో చెప్పే క్యూ షీట్లు పంపేవి. 1924లో ఎర్నో రపే అనే ఆయన వేసిన పియానో సంకలనంలో అయితే ప్రతి పేజీ అంచునా భయం, పోట్లాట, ప్రేమ, రైలు అంటూ సూచిక ఉండేది, వాయిస్తూనే కావలసిన పేజీకి తిప్పుకోవడానికి. అన్ని సాయాలున్నా అదే సినిమా ఒక్కో హాల్లో ఒక్కోలా వినిపించేది. 1927లో కొన్ని మాటలూ పాటలూ వినిపించే ‘ది జాజ్ సింగర్’ సినిమా వచ్చాక కొన్నేళ్లలోనే వేల మంది థియేటర్ సంగీతకారుల ఉద్యోగాలు పోయాయి. వాళ్ల సంఘం మనిషి సంగీతం కావాలా మర సంగీతం కావాలా అంటూ పత్రికల్లో రోబో బొమ్మలతో ప్రకటనలు వేసింది. ఎవరూ వినిపించుకోలేదు. ఆవిడ వాయించగా విన్నాక ఆ ప్రకటనల బాధ నాకు బాగా అర్థమైంది.

గ్రామఫోన్ రికార్డుల కార్యక్రమం సంగతి. సినిమాకి ముందు అరగంట, కొన్ని రోజులు విడిగా సాయంత్రమంతా. అన్నీ 78 ఆర్‌పీఎం రికార్డులే, లక్కతో చేసినవి. ఆ లక్కలో ఎక్కువ భాగం అప్పట్లో మన దేశం నుంచే వెళ్లేది, ఎక్కడెక్కడి పాటలకో మన అడవుల్లోని పురుగులు పెట్టిన జిగురే ఆధారం. పది అంగుళాల రికార్డు ఒక వైపు మూడు నిమిషాలు, అందుకే ఆనాటి పాటలన్నీ మూడు నిమిషాల్లో ముగుస్తాయి. నిర్వహించేవాళ్లు చేసిన మంచి పని ఏంటంటే 1925కి ముందుదీ తర్వాతదీ పక్కపక్కన వినిపించారు. ముందు రోజుల్లో మైకు లేదు, పాడేవాళ్లు పెద్ద బూర ముందు నిలబడి గట్టిగా పాడితే ఆ అదురుకి సూది కదిలి మైనం మీద గీత పడేది. 1925లో మైకుతో రికార్డింగ్ మొదలైంది. రెండో రికార్డు పెట్టగానే బేస్ వినిపించింది, గాయకుడు అరవడం మానేసి మామూలుగా పాడుతున్నాడు. అమెరికన్ గాయకుడు బింగ్ క్రాస్బీ లాంటివాళ్లు చెవి దగ్గర చెప్పినట్టు పాడగలిగింది ఈ మైకు వల్లే. ఇది పుస్తకంలో చదివితే ఒక వాక్యం, ఇలా వింటే ఒళ్లు జలదరిస్తుంది.

కానీ ఇక్కడే నాకు కోపం కూడా వచ్చింది. బూర ముందు మైకు పెట్టి ఆ శబ్దాన్ని హాలు స్పీకర్లలో వేశారు! రెండు వందల మంది కూడా లేని గది, బూర గ్రామఫోన్ దానంతటదే వినిపిస్తుంది, పైగా ఆ స్పీకర్లలోంచి వస్తే గరగర తప్ప మిగతాది పోతుంది. మధ్యలో ఎవరో అడిగితే మైకు తీసేశారు, అప్పుడు ఎంత బాగుందో. మీరు వెళ్లినప్పుడు మైకు పెడితే మొహమాటపడకుండా అడగండి.

మధ్యలో తెర మీద పాట మాటలు వేసి అందరితో పాడించడం ఒకటి ఉంటుంది. పాత థియేటర్లలో రీలు మార్చేటప్పుడు స్లైడ్లు వేసి ఇలా పాడించేవాళ్లు. తెలియని పాటైనా గొంతు కలపండి, బాగుంటుంది.

టాకీల రోజు మాత్రం నా అంచనా అందుకోలేదు. 1930ల హాలీవుడ్ కామెడీ ఒకటి చూశాను. వాటిలో మాటలు తూటాల్లా వస్తాయి, ఆ పాత సౌండ్ ట్రాక్, పైన చెప్పిన స్పీకర్లు, సబ్‌టైటిల్స్ లేవు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకి కూడా పావు వంతు మాటలు జారిపోతాయి. సబ్‌టైటిల్స్ అలవాటైనవాళ్లు టాకీలు ఇంట్లో చూసుకోవడమే మేలు. మూకీకి ఆ బాధ లేదు, మధ్యలో వచ్చే మాటల కార్డులు చదవడానికి బోలెడు టైము ఇస్తారు.

ప్రింటు గురించి అడిగేవాళ్లకి: అన్నీ 35 ఎంఎం కాదు. బోర్డు మీద ‘35 ఎంఎం’ అని ఉంటేనే ఫిల్ము, లేకపోతే డిజిటల్. ఫిల్ము రోజున ఫ్రేము పైన కుడి మూలలో చుక్క కనిపిస్తుందేమో చూడండి. రీలు అయిపోవస్తోందని ఆపరేటర్‌కి అది గుర్తు. మొదటి చుక్కకి రెండో ప్రొజెక్టర్ మోటారు వేస్తాడు, కొన్ని సెకన్ల తర్వాత రెండో చుక్కకి బొమ్మ దాని మీదకి మారుస్తాడు. నేను చూసినప్పుడు ఆ మార్పు అసలు తెలియలేదు, క్యాబిన్‌లో ఉన్నాయన పని మీద నాకు చాలా గౌరవం కలిగింది. డిజిటల్ అయినంత మాత్రాన మానుకోవద్దు, ఆర్గాన్ ఎలాగూ లైవే. ఒక్క జాగ్రత్త, చాప్లిన్ ‘సిటీ లైట్స్’ లాంటివి అయితే సంగీతం ఆయనే కట్టి ఫిల్ముతో పాటే పెట్టాడు, వాటికి ఇక్కడ లైవ్ వాయించరు. ఆర్గాన్ కోసమే వెళ్లేవాళ్లు ముందే కనుక్కోండి.

సీట్లు అందంగా ఉన్నాయి కానీ ఇరుకు. పొడుగు కాళ్లవాళ్లు దారి పక్కన సీటు తీసుకోండి. ముందు మూడు వరసల్లో ఆర్గాన్ మరీ ఎక్కువ, వెనక గోడ దగ్గర తక్కువ, మధ్యలో కుడి వైపు కూర్చుంటే శబ్దమూ బాగుంటుంది, ఎడమ పక్కనున్న ఆవిడ చేతులూ కాళ్లూ కనిపిస్తాయి. చిన్నపిల్లల్ని తీసుకెళ్లొచ్చు, కీటన్ సినిమాకి పిల్లలు పెద్దవాళ్ల కంటే బాగా నవ్వారు.

సినిమాకి ముందు పరిచయ ఉపన్యాసం మాత్రం తగ్గించాలి. చాలాసేపు మాట్లాడి, కథంతా చెప్పేసి, వంతెన షాట్ సంగతి కూడా ముందే చెప్పేశారు. చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు. ఈ సినిమా కథ 1862లో అమెరికా అంతర్యుద్ధంలో జరిగిన సంఘటన, రైలు ఎత్తుకెళ్లింది ఉత్తరాది వాళ్లు, సినిమా మాత్రం బానిసత్వం నిలబెట్టాలని పోరాడిన దక్షిణాది వైపు నుంచి చెప్తుంది. సినిమా గొప్పదే, అయినా ఆ ముక్క తెలిసి చూడటం వేరు. ఉపన్యాసంలో సగం తీసేసి ఈ రెండు వాక్యాలు చేర్చి, వాయించేవాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పి, లైట్లు ఆర్పేస్తే చాలు. ఇదే అక్కడి అభిప్రాయాల పుస్తకంలో కూడా రాసి వచ్చాను.